రాగం ఏడ రాసినవ్? – వింజమూరి అనసూయ, సీతల పాటపని

పి.హెచ్.డి. కోసం జహీరాబాదు చుట్టుపక్కల ఊళ్ళలో ఆడవాళ్ళ పాటలు సేకరిస్తున్న రోజుల్లో ఒక పెద్దామె నన్నడిగిన ప్రశ్న ఇది. జొన్న చేలో కలుపు తీసి వచ్చి, కాళ్ళు కడుక్కుని, అరుగు మీద కూర్చుని నా కోసం గంటసేపు పాడింది. నేను రికార్డరు ఆమె ముందు పెట్టి, పక్కనే నోటుబుక్కులో మాటలు రాసుకుంటూ ఉన్నాను. పాడటం అయ్యాక ఆ పుస్తకం చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. ఆమెకి చదువు రాదు. "మాటలన్ని రాసుకుంటివి. మరి రాగం ఏడ రాసినవ్ బిడ్డా?" అంది.

నేను నవ్వేశాను. అందులో ఉందమ్మా అని రికార్డరు చూపించాను. నిజంగానే అది అందులోనే ఉండిపోయింది. నా సిద్ధాంత గ్రంథంలో పాటల వస్తువు ఉంది, భాష ఉంది, స్త్రీల శ్రమ గురించి ఏకంగా ఒక అధ్యాయం ఉంది. రాగం గురించి ఒక్క పేజీ లేదు. పరీక్షకులు అడగనూ లేదు. సాహిత్యంలో ఇచ్చే డాక్టరేటుకి రాగంతో పనేమిటి?

వింజమూరి అనసూయాదేవి గురించి రాద్దామని కూర్చున్నప్పుడు ఆ ప్రశ్న మళ్ళీ నా ముందుకొచ్చింది. 1920 మే 12న కాకినాడలో పుట్టి, 2019 మార్చిలో అమెరికాలోని హ్యూస్టన్‌లో కన్నుమూసిన ఈమెను మనం "జానపద గాయని" అని పిలుచుకున్నాం. ఆ పేరు అబద్ధం కాదు. కానీ ఆమె చేసిన పనిలో సగాన్ని ఆ పేరు మింగేసింది. అనసూయ వరసలు కట్టింది. దాదాపు ఒక జీవితకాలమంతా కట్టింది. తెలుగులో ఒక స్త్రీ స్వరకర్తగా ఎలా మొదలైంది, ఆమె శైలి ఎట్లా మారింది, ఆమె చెల్లెలు సీత ఆ దారిని ఎటు మళ్ళించింది అన్నవి మన సాహిత్య చరిత్రలోనూ లేవు, సంగీత చరిత్రలోనూ లేవు. మొదటిది మాటలు రాసినవాళ్ళది, రెండోది కచేరీలు చేసినవాళ్ళది. ఈ రెండు గదుల మధ్య గుమ్మంలో నిలబడ్డ మనిషి ఎవరి లెక్కలోకీ రాదు.

ఆ ఇంటి గురించి కొంచెం చెప్పాలి. తల్లి వెంకటరత్నమ్మ రచయిత్రి. కాకినాడ నుంచి "అనసూయ" అనే స్త్రీల పత్రిక నడిపింది. కూతురికి ఆ పత్రిక పేరే వచ్చింది. ఒక పత్రిక పేరు మోసుకుంటూ పెరిగిన ఆడపిల్ల! స్త్రీల పత్రికల చరిత్ర రాసేటప్పుడు తల్లి గురించి ఒకటి రెండు వాక్యాలు రాస్తాం. లలిత సంగీతం గురించి రాసేటప్పుడు కూతురి గురించి ఒకటి రెండు వాక్యాలు రాస్తాం. తల్లి అక్షరానికీ కూతురి స్వరానికీ ఉన్న చుట్టరికం గురించి ఎక్కడా రాయం. తండ్రి లక్ష్మీనరసింహారావు పండితుడు, నాటకాలతో సంబంధం ఉన్నవాడు. మేనమామ దేవులపల్లి కృష్ణశాస్త్రి. ఈ చివరి సమాచారం మాత్రం అనసూయ గురించి ఎవరు రాసినా మొదటి పేరాలోనే వస్తుంది. "కృష్ణశాస్త్రి మేనకోడలు" అన్నది ఆమెకి బిరుదులా తగులుకుంది.

కృష్ణశాస్త్రి రాసిన "జయ జయ జయ ప్రియ భారత జనయిత్రి" పాటనే తీసుకుందాం. మా బడిలో ప్రార్థనకి రోజూ పాడించేవాళ్ళు. రాసిందెవరో పిల్లలందరికీ తెలుసు, పాఠ్యపుస్తకంలో ఉంటుంది కాబట్టి. వరస ఎవరిదో టీచర్లకి కూడా తెలియదు. అనసూయది. ఆ పాట కాగితం మీద చదివి చూడండి. పొడవాటి సంస్కృత సమాసాలు. మధ్యలో ఎక్కడ ఆగాలో తెలియదు. పదేళ్ళ పిల్లకి అర్థం సంగతి తర్వాత, ముందు నోరే తిరగదు. అదే పాటను వరసతో పాడితే సమాసం దానంతటదే ముక్కలవుతుంది. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో, ఏ మాట మీద నిలబడాలో వరస చెబుతుంది. పిల్లల గొంతుకు అందే ఎత్తులోనే తిరుగుతుంది. గమకాలు పలకకపోయినా రూపం చెడదు. ఒక్కరు పాడితే కన్నా గుంపుగా పాడితేనే నిండుగా ఉంటుంది. ఇవన్నీ యాదృచ్ఛికంగా జరగవు. ఒక కవి ఏకాంతంలో రాసుకున్న సంస్కృత పదాల వరుసను నూరుమంది పిల్లలు ఎండలో నిలబడి పాడగలిగే పాటగా మార్చాలంటే కవిత్వాన్ని బాగా చదవడం రావాలి. వరస కట్టడం ఒక రకంగా విమర్శ రాయడమే అనిపిస్తుంది నాకు. ఏ మాట బరువైనదో, ఏది జారవిడవచ్చో స్వరకర్త నిర్ణయిస్తుంది.

మన పాత లక్షణ గ్రంథాలకి ఈ తేడా తెలుసు. వాక్కును మాతువు అన్నారు, గేయాన్ని ధాతువు అన్నారు. రెండూ కూర్చగలవాడు వాగ్గేయకారుడు. మనకి మాత్రం ఈ సమాసంలో మొదటి సగమే కళ్ళకి కనిపిస్తుంది. వెంగమాంబ మిగిలింది మాటలు మిగిలాయి కనుక. మాటలు తనవి కాని స్త్రీ, స్వరం మాత్రమే తనదైన స్త్రీ, ఏ పేరుతో మిగలాలి?

ఇక్కడ ఒక పోలిక చెప్పాలి. బాలాంత్రపు రజనీకాంతరావు కూడా 1920లోనే పుట్టాడు. అదే గోదావరి ప్రాంతం, పిఠాపురం చుట్టూ అల్లుకున్న అదే కవుల వాతావరణం. 1941లో మద్రాసు రేడియోలో చేరాడు. పాటలు రాశాడు, వరసలు కట్టాడు, స్టేషన్లకి డైరెక్టరయ్యాడు. "ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము" రాసి 1961లో సాహిత్య అకాడెమీ బహుమతి అందుకున్నాడు. 2018లో పోయేనాటికి ఆయన పేరు పక్కన ఉన్న మాట వాగ్గేయకారుడు. ఆయన ప్రతిభను నేను తక్కువ చెయ్యడం లేదు. లలిత సంగీతం అన్న మాటకి తెలుగులో ఒక రూపం వచ్చిందంటే అందులో ఆయన చెయ్యి చాలా ఉంది. నా ప్రశ్న వేరు. అదే ఏడాది, అదే సీమలో పుట్టి, అదే మద్రాసు రేడియోలో పాడి, అదే తరహా పాటలకి వరసలు కట్టిన అనసూయకి ఆ పేరు ఎందుకు రాలేదు? ఆమె పాటలు రాయలేదు, ఆయన రాశాడు అని జవాబు చెప్పవచ్చు. నిజమే. కానీ అది మళ్ళీ మొదటికే వస్తుంది: రాసినదే లెక్క. రెండో తేడా కూడా ఉంది. ఆయన రేడియోలో ఉద్యోగి. ఫైళ్ళలో ఉంటాడు, జీతం పట్టికలో ఉంటాడు, వార్షికోత్సవ సంచికలో ఉంటాడు. పిలిచినప్పుడు వచ్చి పాడి వెళ్ళే స్త్రీ ఆ రోజు ప్రసారంలో ఉంటుంది. ప్రసారం గాలిలో కలిసిపోతుంది.

మద్రాసు రేడియో కేంద్రం 1938 జూన్‌లో మొదలైంది. అప్పటికి అనసూయకి పద్దెనిమిదేళ్ళు. కుటుంబ స్త్రీ గొంతు నలుగురిలో వినిపించడమే తప్పుగా ఉన్న కాలంలో రేడియో ఒక వింత సదుపాయం కల్పించింది. మనిషి కనిపించదు, గొంతు మాత్రమే వెళుతుంది. గ్రామఫోను కూడా అంతే. ఈ రెండు యంత్రాలూ ఆమె శైలిని తయారుచేశాయని నా అభిప్రాయం. డెబ్బై ఎనిమిది చుట్ల రికార్డులో ఒక వైపు మూడు నిమిషాలు, మహా అయితే మరి కాస్త. ఆ మూడు నిమిషాల్లో పాట మొదలై, ఎత్తుకి వెళ్ళి, దిగి రావాలి. శాస్త్రీయ సంగీతం నేర్చుకున్న గొంతుకి ఇది కత్తిరింపే. సంగతుల మీద సంగతులు వేసుకుంటూ పోయే వీలు లేదు. పల్లవిని రెండుసార్లు కన్నా ఎక్కువ తిప్పలేదు. భావగీతానికి ఈ ఇరుకు కలిసొచ్చింది. ఆ తొలి దశలో ఆమె వరసల్లో నాకు వినిపించేది పొదుపు. రాగం ఛాయ ఉంటుంది, రాగ విస్తారం ఉండదు. మాట స్పష్టంగా పలుకుతుంది. విషాదం చెప్పాల్సిన చోట గొంతు వణికించదు, ఒక స్వరం మీద కాస్త ఎక్కువసేపు నిలుస్తుంది, అంతే.

తర్వాతి మలుపు పల్లెపాట. అనసూయ, సీత కలిసి ఊళ్ళలో పాడుకునే పాటల్ని నేర్చుకుని కచేరీ వేదికల మీదికి, రేడియోలోకి తెచ్చారు. దంపుళ్ళ పాటలు, నాట్ల పాటలు, పెళ్ళి పాటలు, జోలపాటలు, సరసాల పాటలు. త్యాగరాజ కీర్తన పాడే చోట రోకటి పాట పాడటం ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు. పండితులకి అది సంగీతం కాదు, పెద్దింటి వాళ్ళకి అది మర్యాద కాదు. ఈ ధైర్యాన్ని అందరూ మెచ్చుకున్నారు. మెచ్చుకుని, దానికి "సేకరణ" అని పేరు పెట్టారు. నాకు అభ్యంతరం ఇక్కడే.

వాళ్ళ రికార్డుల్లోని పల్లెపాటను ఒకసారి విని, తర్వాత ఏ ఊళ్ళోనైనా పొలం గట్టు మీద కూర్చుని విని చూడండి. రెండూ ఒకటి కావు. చేలో పాటకి మొదలూ చివరా ఉండవు, సాలు అయ్యేదాకా సాగుతుంది. వేదిక మీది పాటకి మొదలూ చివరా ఉన్నాయి. దంపుడు పాటలో తాళం రోకలిది, రెండు రోకళ్ళు మార్చి మార్చి పడుతుంటే ఆ సందుల్లో పాట నడుస్తుంది. వేదిక మీద రోకలి లేదు, తబలా ఉంది. పొలంలో ఒకామె ఎత్తుకుంటే పదిమంది అందుకుంటారు. వేదిక మీద ఇద్దరే ఉన్నారు. అక్కాచెల్లెళ్ళు రెండు గొంతులతో ఆ ఎత్తుకోవడాన్నీ అందుకోవడాన్నీ బొమ్మకట్టి చూపించారు. ఇది సేకరణ ఎట్లా అవుతుంది? ఏ చరణం ఉంచాలి, ఏది తియ్యాలి, ఏ స్వరం దగ్గర ముగించాలి, "ఉయ్యాలో" లాంటి ఊతపదాన్ని ఎన్నిసార్లు పాడనివ్వాలి అన్న ప్రతి చోటా ఒక నిర్ణయం ఉంది. అది స్వరకర్త చేసే నిర్ణయం.

స్పెయిన్ సంగీతకారుడు మాన్యువెల్ ద ఫాయా 1914లో తన దేశపు జానపద గీతాల్లో ఏడింటిని తీసుకుని, వాటికి పియానో సహకారం కూర్చాడు. వరసలు చాలావరకు జనం పాడుకునేవే. ప్రపంచమంతా ఆ ఏడు పాటల్నీ ఆయన కృతిగానే పాడుతుంది, కార్యక్రమ పత్రంలో ఆయన పేరే ఉంటుంది. హంగరీలో బార్తోక్ మైనపు సిలిండర్ల యంత్రం పట్టుకుని ఊరూరా తిరిగి రైతుల పాటలు రికార్డు చేశాడు. ఆయన్ని జానపద పరిశోధకుడు అంటారు, ఇరవయ్యో శతాబ్దపు గొప్ప స్వరకర్తల్లో ఒకడనీ అంటారు. ఒకటి అన్నందుకు రెండోది పోలేదు. మన దగ్గర అదే తరహా పని చేసిన స్త్రీలకి సేకర్తలు, గాయనులు అన్న మాటలతో సరిపెట్టాం. పాటలు "ఏరి" తెచ్చారట. ఆడవాళ్ళు ఏరతారు, కూరుస్తారు, అల్లుతారు, దాచిపెడతారు. సృష్టించడం ఇంకెవరో చేస్తారు.

ఇక్కడితో ఆపితే వ్యాసం సుఖంగా ముగిసేది. కానీ నన్ను రాగం ఎక్కడ రాశావని అడిగిన పెద్దామె ఒప్పుకోదు.

అనసూయకి స్వరకర్త అన్న పేరు ఇవ్వాలంటే, ఆమె ఎవరి వరసల మీద పని చేసిందో వాళ్ళకి ఏ పేరివ్వాలి? దంపుళ్ళ పాట దంచే ఆడవాళ్ళది. నాటు పాట నాట్లు వేసే కూలి ఆడవాళ్ళది. ఆ వరసలు చెట్టుకి కాయలు. ఏ మొదటి ఆమె ఎప్పుడు ఏ మలుపు తిప్పిందో కానీ, తిప్పింది మాత్రం మనిషే. "జానపదం" అన్న మాట ఆ మనిషిని మాయం చేస్తుంది, ఆమె కులాన్నీ కూలినీ మాయం చేస్తుంది. పండితుల ఇంట పుట్టిన ఆడపిల్ల పాడితే అది కళ అయింది, దాన్ని కట్టిన ఆడవాళ్ళు పాడుతున్నప్పుడు అది పని మధ్యలో చప్పుడు. అనసూయ ఒక్కర్తినీ దీనికి బాధ్యురాల్ని చెయ్యడం అన్యాయం. అయినా దాటెయ్యడం కుదరదు. దళిత స్త్రీవాదులు మనకి నేర్పిన మొదటి పాఠమే అది: "స్త్రీలు" అన్నప్పుడు ఏ స్త్రీలు?

సంగీతంలోనే ఈ ఒరిపిడి వినిపిస్తుంది. అనసూయ హార్మోనియం వాయిస్తూ పాడేది. ఆ వాద్యాన్ని 1940లో ఆకాశవాణి నిషేధించింది. మన గమకం దాని మెట్ల మీద పలకదన్నది శాస్త్రీయ సంగీతజ్ఞుల ఫిర్యాదు. దశాబ్దాల పాటు ఆ నిషేధం సాగింది. శాస్త్రీయ సంగీతం గురించి అంత బాధపడ్డవాళ్ళు పల్లెపాట గురించి బాధపడలేదు కానీ, నష్టం దానికీ ఉంది. మా ఊళ్ళ ఆడవాళ్ళు పాడే చాలా పాటల్లో గాంధారం సాధారణమూ కాదు, అంతరమూ కాదు, రెంటి మధ్య ఎక్కడో నిలుస్తుంది. దుఃఖం పాటలో కిందికి ఒరుగుతుంది, ఎకసెక్కం పాటలో పైకి. హార్మోనియం మెట్టు మీద వేలు పడగానే ఆ మధ్య స్థానం పోయి, ఏదో ఒక గాంధారంలో కూర్చోవాల్సి వస్తుంది. అనసూయ గొంతు చాలాచోట్ల ఆ మెట్టుని తప్పించుకుని జారడం వినిపిస్తుంది, అదే నాకు ఆమె పాటలో అన్నిటికన్నా ఇష్టమైన సంగతి. వేళ్ళు ఒకటి చెబుతుంటే గొంతు ఇంకోటి చెబుతుంది. శిక్షణకీ విన్నదానికీ మధ్య ఆమె చివరిదాకా అట్లా ఊగుతూనే ఉంది. భావగీతాల నాటి పొదుపు పల్లెపాటల నాటికి కొంత సడలి, ఆ జారుళ్ళు, విరుపులు, మాట మధ్యలో పెట్టే చిన్న నవ్వు వచ్చి చేరాయి. శైలి మారిందంటే అదీ మార్పు. కృష్ణశాస్త్రి మాటకి విధేయంగా ఉన్న గొంతు, పేరు తెలియని ఆడవాళ్ళ పాట దగ్గర స్వేచ్ఛ తీసుకుంది. ఆ స్వేచ్ఛ తీసుకోవడానికి ఎవరినీ అడగనక్కర్లేకపోవడమే అందులోని చిక్కు.

చెల్లెలు సీతాదేవి దారి కొంచెం వేరు. హైదరాబాదు ఆకాశవాణిలో జానపద సంగీతం ప్రొడ్యూసరుగా పని చేసింది. గోదావరి పాటలతో పెరిగిన మనిషి తెలంగాణ పాటల మధ్యకి వచ్చింది. 1979లో గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో, బి. నరసింగరావు నిర్మాతగా తయారైన "మా భూమి" సినిమాకి సంగీతం కూర్చినవాళ్ళు వింజమూరి సీతాదేవి, నాగభూషణం. ఆ సినిమా గురించి వచ్చిన వ్యాసాలు లెక్కలేనన్ని. బండి యాదగిరి పాట గురించి, దాన్ని తెర మీద పాడిన గద్దర్ గురించి, సుద్దాల హనుమంతు పాట గురించి, దాన్ని పాడిన సంధ్య గొంతు గురించి ఎంతో రాశారు. సంగీతం కూర్చిన స్త్రీ గురించి ఒక వాక్యం దొరకాలంటే వెతుక్కోవాలి.

"మా భూమి"లో సంగీత దర్శకత్వమంటే ఏమిటో ఆలోచించాలి. ఆ పాటలు సాయుధ పోరాట కాలం నుంచి జనం నోళ్ళలో ఉన్నవి. కొత్త వరస కట్టాల్సిన అవసరం లేదు. సినిమా సంగీతమంటే వయొలిన్ల వరుసలు, కోరస్సులు అనుకునే రోజులవి. ఆ పాటలకి అవన్నీ తగిలించాలన్న ఒత్తిడి ఎంత ఉంటుందో ఊహించుకోవచ్చు. తగిలించలేదు. గొంతు గరుకుగా ఉంటే గరుకుగానే ఉంచారు. వాద్యాలు గొంతు వెనకాలే నడుస్తాయి, ముందుకు రావు. పాటకీ పాటకీ మధ్య నిశ్శబ్దాన్ని నింపాలని ఆత్రపడరు. నాకు ఇది అక్కాచెల్లెళ్ళ శైలిలో పెద్ద మార్పుగా కనిపిస్తుంది. అనసూయ పల్లెపాటని వేదికకి తగినట్టు దిద్దింది. నలభై ఏళ్ళ తర్వాత సీత, నాగభూషణంతో కలిసి, దిద్దకుండా వదిలెయ్యడమే పనిగా పెట్టుకుంది. ఎక్కడ చెయ్యి పెట్టకూడదో తెలిసిన చెయ్యి అది. అట్లాంటి చెయ్యి ముద్ర వెయ్యదు. ముద్ర లేదు కనుక చేసినట్టు కనిపించదు, చేసినట్టు కనిపించదు కనుక పేరు రాదు. ఇంటిపని గురించి మనం ఎన్నేళ్ళుగా చెబుతున్నామో అదే లెక్క.

స్త్రీ శక్తి సంఘటన వాళ్ళు "మనకు తెలియని మన చరిత్ర" తెచ్చింది 1986లో. తెలంగాణ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు తమ మాటల్లో తమ కథ చెప్పుకున్న పుస్తకం. ఆ పుస్తకం చదివిన కళ్ళతో "మా భూమి"ని మళ్ళీ చూసినవాళ్ళం చాలామందిమి ఉన్నాం. ఆ చెవులతో విన్నవాళ్ళం తక్కువ.

సినిమారంగం మాట వచ్చింది కాబట్టి ఇంకొక్క సంగతి. 1968లో సావిత్రి దర్శకత్వం వహించిన "చిన్నారి పాపలు"కి సంగీత దర్శకురాలు పి. లీల. వేల పాటలు పాడిన లీలని గాయనిగా ఎవరూ మరచిపోరు, స్వరకర్తగా ఎవరూ గుర్తుపెట్టుకోరు. పాడటం ఆడవాళ్ళ ఒంటికి సహజమట, కట్టడానికి బుర్ర కావాలట. ఎం.ఎం. శ్రీలేఖ వచ్చేదాకా తెలుగు సినిమాలో ఒక స్త్రీ వరసగా సినిమాలకి సంగీతం చెయ్యగలదన్న ఊహే లేదు. శ్రీలేఖ సంగీతం గురించి విడిగా రాయాలి, ఆ పని ఇంకెవరైనా చేస్తే సంతోషిస్తాను.

అనసూయ చివరి దశ అమెరికాలో గడిచింది. హ్యూస్టన్‌లో ఉండగా భావగీతాల్నీ జానపద గేయాల్నీ పుస్తకాలుగా తెచ్చింది, "అసమాన అనసూయ" పేరుతో ఆత్మకథ చెప్పుకుంది. ఆ పేరు చూసి నవ్వుకున్నవాళ్ళున్నారు, ఇంత గొప్ప చెప్పుకోవాలా అని. నాకు నవ్వు రాలేదు. తొంభై ఏళ్ళు పైబడిన స్త్రీ, తన వరసలు తన పేరు లేకుండా ఊరంతా తిరగడం చూసిన స్త్రీ, తన గురించి తనే గట్టిగా చెప్పుకోక ఏం చేస్తుంది? ప్రవాసంలో పల్లెపాటకి ఇంకో మార్పు వచ్చింది. మద్రాసులో అది కొత్త, అక్కడ అది జ్ఞాపకం. వరి నాటు ఎప్పుడూ చూడని పిల్లలు వేదిక మీద పట్టు పరికిణీలు కట్టుకుని నాట్ల పాట పాడతారు. వెక్కిరించడం తేలిక. కానీ ఇక్కడ మా ఊళ్ళలోనూ కలుపు మందులు వచ్చాక కలుపు పాటకి చోటు తగ్గింది. పని పోయాక పాట ఎక్కడ బతకాలన్న ప్రశ్న హ్యూస్టన్‌దీ జహీరాబాదుదీ ఒకటే. సీతాదేవి 2016లో, అనసూయ 2019లో వెళ్ళిపోయారు.

జహీరాబాదుకి ఈ కథలో ఇంకో రకంగా కూడా చోటుంది. ఇక్కడికి దగ్గర్లోని మాచునూరులో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాల వాళ్ళు సంఘం రేడియో పెట్టుకున్నారు. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లో తీర్పు చెప్పాక కూడా అనుమతి కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూసి, 2008 అక్టోబరు 15న ప్రసారం మొదలుపెట్టారు. నడిపింది దళిత స్త్రీలు. జనరల్ నర్సమ్మ, ఆల్గోల్ నర్సమ్మ అన్న పేర్లు ఈ ప్రాంతంలో అందరికీ తెలుసు. 1938 మద్రాసు రేడియోకీ 2008 మాచునూరుకీ మధ్య డెబ్బై ఏళ్ళు. అప్పుడు పాట కట్టినవాళ్ళు ఊళ్ళో ఉన్నారు, మైకు ముందు వేరేవాళ్ళు ఉన్నారు. ఇక్కడ కట్టినామే మైకు ముందు కూర్చుంది.

ఒక సాయంత్రం విన్నాను. ఒకామె తన పేరు చెప్పింది, ఊరు చెప్పింది, ఈ పాట మా అత్త దగ్గర నేర్చుకున్న, రాగం కొద్దిగ నేను మార్చిన అని చెప్పింది. తర్వాత ఎత్తుకుంది. కొద్దిగ నేను మార్చిన! ఏ పుస్తకంలోనూ, ఏ రికార్డు మీదా నేను చూడని వాక్యం అది. రెండు పేర్లూ అందులో ఉన్నాయి. అత్త ఉంది, ఆమె ఉంది. అనసూయ రికార్డుల మీద కూడా ఇట్లాంటి వాక్యం ఒకటి ఉండి ఉంటే, ఫలానా ఊరి ఫలానా ఆమె దగ్గర నేర్చుకున్నది, అనసూయ మార్చినది అని ఉండి ఉంటే, ఆ ఊరామెకీ దక్కేది, అనసూయకీ దక్కేది. ఒకరి పేరు చెరిపితే రెండోవాళ్ళ పేరు నిలుస్తుందనుకున్నాం. ఇద్దరివీ పోయాయి.

ఈ వ్యాసం కోసం నా పాత రికార్డింగులు మళ్ళీ తీశాను. సిద్ధాంత గ్రంథంలో పాఠం కోసం ఎన్నోసార్లు విన్నవే. ఈసారి మాటలు వదిలేసి రాగం మాత్రం విందామని కూర్చున్నాను. పెద్దామె పాట మూడో చరణంలో ఉంది. గొంతు కింది నుంచి నెమ్మదిగా లేచి, ఆ మధ్య గాంధారం మీదికి వస్తోంది. అక్కడ నా గొంతు అడ్డం వచ్చింది. "అమ్మా, ఆ మాటేంటి? మళ్ళోసారి చెప్పు" అంటున్నాను. పాట తెగింది. కాసేపు ఏమీ లేదు, దూరంగా మేకల అరుపులు. తర్వాత ఆమె గొంతు సవరించుకుంది. ఆ మాట విడిగా చెప్పలేదు. పాట మొదటి నుంచి ఎత్తుకుంది.